మౌస్ పక్కన పెట్టి... మొదలెట్టండి!

2008 అక్టోబరు 15. జహీరాబాద్ దగ్గర్లోని మాచనూరు. ఆ రోజు 90.4 ఎఫ్‌ఎం మీద ఓ కొత్త స్టేషన్ గొంతు విప్పింది. పేరు సంఘం రేడియో. అక్కడ మైకు ముందు కూర్చున్నది పట్నంలో చదివొచ్చిన అనౌన్సర్లు కాదు. పొలం పనులు చేసుకునే పల్లె మహిళలు. విత్తనాల గురించీ, పంటల గురించీ, ఇంటిల్లిపాది ఆరోగ్యం గురించీ పక్కింటి వదినతో ముచ్చట పెట్టినట్టే మాట్లాడేవారు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాల సభ్యులు వాళ్లు.

రేడియో కంటే ముందే ఆ సంఘాల మహిళలు వీడియో కెమెరా కూడా పట్టారు. వాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. అయితేనేం, సినిమా పాఠాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. మనిషి కళ్లకు సమాన ఎత్తులో కెమెరా పెట్టి తీసే షాట్‌కి వాళ్లు పెట్టిన పేరు ‘సంఘం షాట్’. ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు. ఎక్కువా లేదు, తక్కువా లేదు!

‘ముందు చదువుకుని రండి, తర్వాత మాట్లాడుదురుగానీ’ అని వాళ్లతో ఎవరూ అనలేదు. అక్షరం అడ్డమైతే గొంతుంది, బొమ్మ ఉంది. మనిషిని మాధ్యమానికి తగ్గట్టు మార్చే బదులు, మాధ్యమాన్నే మనిషికి తగ్గట్టు మలుచుకున్నారు.

ఇంతకీ ఈ కథంతా ఇప్పుడెందుకూ అంటారా? సరిగ్గా ఇదే పనిని కంప్యూటర్ తెర మీద చేయడానికి ఇప్పుడు కుర్రకారు పోటీలు పడుతున్నారు కాబట్టి. ఆ పోటీల పేరు యాక్సెసిబిలిటీ హ్యాకథాన్. కంటిచూపు లేనివాళ్లూ, వినపడనివాళ్లూ, చేతులు సహకరించనివాళ్లూ కూడా వెబ్‌సైట్లను ఎవరి సాయం లేకుండా వాడుకునేలా చేయడమే అందులోని లక్ష్యం. జహీరాబాద్ నుంచో సిద్దిపేట నుంచో ఓ విద్యార్థి మొదటిసారి అలాంటి పోటీకి బయల్దేరాలంటే ఏం నేర్చుకోవాలి? బ్యాగులో ఏం సర్దుకోవాలి? అన్నిటికంటే ముందు... మనసులో ఏం మార్చుకోవాలి?

బటన్... బటన్... బటన్!

చూపులేని అమ్మాయి ఒకరు పరీక్ష ఫీజు కట్టడానికి వెబ్‌సైట్ తెరిచిందనుకోండి. కంప్యూటర్లోని స్క్రీన్ రీడర్ తెర మీద ఉన్నదంతా చదివి వినిపిస్తుంటుంది. ఏ బటన్ దేనికో అది చెబితే, కీబోర్డుతో పని పూర్తిచేసేస్తుంది. కానీ ఆ సైటు తయారుచేసినవాళ్లు బటన్లకు బొమ్మలు పెట్టారే తప్ప పేర్లు పెట్టలేదు. ఇంకేముంది! స్క్రీన్ రీడర్ ‘బటన్... బటన్... బటన్’ అంటూ పోతుంది. ఏది ‘సబ్మిట్’? ఏది ‘క్యాన్సిల్’? తప్పు బటన్ నొక్కితే మొదటికొస్తుంది వ్యవహారం. చివరికి ఓటీపీ, బ్యాంకు వివరాలూ నెట్‌ సెంటర్లో తెలియని మనిషి చేతిలో పెట్టాల్సి వస్తుంది. ఫీజు కట్టడం అటుంచి, తన డబ్బు లెక్క తన దగ్గరే ఉండే హక్కు పోయింది.

ఇది ఒకరిద్దరి కష్టం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వాళ్ల సంఖ్య 22 లక్షలకు పైమాటే. కళ్లు మసకబారిన తాతయ్యనీ, చెయ్యి విరిగి కట్టుతో ఉన్న అన్నయ్యనీ కలుపుకుంటే ఈ లెక్క ఇంకెంత పెరుగుతుందో!

మరి వెబ్‌సైట్లు ఎలా ఉన్నాయి? అమెరికాకి చెందిన వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్‌పేజీలను పరీక్షిస్తుంది. 2025లో చూస్తే 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. 79 శాతం పేజీల్లో అక్షరాల రంగు వెనకున్న రంగులో కలిసిపోయింది. సగానికి పైగా పేజీల్లో బొమ్మలకు వివరణ లేదు. దాదాపు సగం పేజీల్లో ఫారంలోని గళ్లకు పేర్లు లేవు. గమ్మత్తేంటంటే వీటిలో ఏదీ రాకెట్ సైన్స్ కాదు. చాలావాటిని ఒక్క లైను కోడ్‌తో సరిచేయొచ్చు. చేయాలని తట్టకపోవడమే అసలు లోపం.

పోటీ కంటే ముందు పాఠం

హ్యాకథాన్ అంటే ఏదో కంప్యూటర్లలోకి చొరబడటం అనుకునేరు! కొందరు ఒకచోట చేరి, గడువులోగా ఓ సమస్యకు పరిష్కారం తయారుచేయడం అన్నమాట. 1999 జూన్‌లో కెనడాలోని కాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ ప్రోగ్రామర్లు కలిసి కూర్చుని పనిచేసినప్పుడు ఈ పేరు వాడుకలోకి వచ్చింది. మన దేశంలో 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌తో ఇంజినీరింగ్ కాలేజీలన్నిటికీ ఈ మాట పరిచయమైపోయింది.

అందరికీ అందే వెబ్‌సైట్ల కోసం పోటీ పెట్టాలన్న ఆలోచన మాత్రం అంతకంటే ముందే వచ్చింది. 1998లో అమెరికాలోని ఆస్టిన్‌లో ‘యాక్సెసిబిలిటీ ఇంటర్నెట్ ర్యాలీ’ మొదలైంది. స్వచ్ఛంద సంస్థలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే పోటీ అది. అందులోని కిటుకు ఒక్కటే. పోటీకి వచ్చిన జట్లకు ముందు పాఠాలు చెప్పేవారు. ఆ తర్వాతే పోటీ. అంటే, ఇలాంటి పోటీలో గెలుపు వేదిక మీద తేలదు. ముందు వారాల్లోనే సగం తేలిపోతుంది.

వారం ముందు... ఇలా!

మొదటి పని, మౌస్‌ని బీరువాలో పెట్టి తాళం వేయండి. మీరు రోజూ వాడే సైట్లో రైలు టికెట్టో, కరెంటు బిల్లో కీబోర్డుతోనే పూర్తిచేయడానికి ప్రయత్నించండి. ట్యాబ్ నొక్కితే ముందుకు, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే వెనక్కి వెళ్తారు. ఎంటర్ నొక్కితే పని జరగాలి. ఎక్కడున్నారో తెర మీద ఓ గీత చూపిస్తోందా? ఏదైనా పాప్‌అప్ వచ్చి అందులోంచి బయటికి రాలేక ఇరుక్కుపోయారా? అక్కడే కాగితం మీద రాసుకోండి. అదే మీ మొదటి పాఠం.

రెండో పని, చెవులతో చదవడం. విండోస్ కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ని ఉచితంగా వేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లోనైతే టాక్‌బ్యాక్ ఉంటుంది. తెలుగునీ చదువుతాయి. ఒక హెచ్చరిక... టాక్‌బ్యాక్ వేసే ముందు దాన్ని ఆపడమెలాగో తెలుసుకోండి. అది వేస్తే ఫోన్ తాకే పద్ధతే మారిపోతుంది. ఒక్కసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తాకితేనే తెరుస్తుంది. తెలియకపోతే ఇల్లంతా కలిసి ఫోన్‌తో కుస్తీ పట్టాల్సిందే!

ఎన్‌వీడీఏలో ‘హెచ్’ మీట నొక్కితే ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకొచ్చు. పేపర్లో మనం హెడ్డింగులు చూసుకుంటూ కావాల్సిన వార్త దగ్గర ఆగినట్టే. అయితే సైటు చేసినవాళ్లు శీర్షికని శీర్షికగా గుర్తించకుండా, ఊరికే అక్షరాలు పెద్దవి చేసి వదిలేస్తే ఈ దూకుడు కుదరదు. చివరి పేరాలో ఉన్న విషయం కోసం మొదటి నుంచీ మొత్తం వినాల్సిందే.

మూడో పని, రూల్సు పుస్తకం తిరగేయడం. వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1999లో తొలిసారి యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలను విడుదల చేసింది. 2008లో రెండో తరం నియమాలు వచ్చాయి. వాటికి మెరుగులు దిద్దిన 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. నియమాలన్నీ బట్టీ పట్టక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు గుర్తుంటే చాలు. పేజీలో ఉన్నది మనిషికి ఏదో ఒక విధంగా తెలుస్తోందా? దాన్ని వాడగలుగుతున్నాడా? అర్థమవుతోందా? ఏ ఫోన్లో, ఏ సాధనంతో తెరిచినా పనిచేస్తోందా?

కొన్ని అంకెలు మాత్రం జేబులో పెట్టుకోండి. మామూలు అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3కి 1 చాలు. అక్షరాలను రెండింతలు పెద్దవి చేసినా పేజీ చెదరకూడదు. వేలితో నొక్కాల్సినవి 24 పిక్సెళ్ల పొడవూ వెడల్పూ ఉండాలి, లేదంటే వాటి చుట్టూ తగినంత ఖాళీ అయినా ఉండాలి.

తెలుగు తిప్పలు వేరు

ఇంగ్లిష్ సైట్ల పాఠాలన్నీ నేర్చుకున్నా తెలుగు దగ్గరికొచ్చేసరికి కొత్త చిక్కులుంటాయి. మన కుర్రాళ్లు పోటీలో ప్రత్యేకంగా నిలబడగలిగేదీ ఇక్కడే.

2000 సంవత్సరం తొలినాళ్లు గుర్తున్నాయా? ఒక్కో తెలుగు సైటుకి ఒక్కో ఫాంటు. అది దించుకోకపోతే తెర మీద పిచ్చి గీతలే. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చిన ఫాంట్లవి. కంటికి ‘అమ్మ’లా కనిపించేది కంప్యూటర్‌కి మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు. స్క్రీన్ రీడర్ చదివేది కంప్యూటర్‌కి తెలిసినదాన్నే కదా! ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు రావడం, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలవడం దాన్ని జనంలోకి తెచ్చాయి. ఇప్పుడు సైట్లు మారాయి కానీ, పాత పద్ధతి డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిలోంచి ఒక లైను కాపీ చేసి చూడండి, సంగతి తెలుస్తుంది.

ఇంకో తిప్ప, బొమ్మల్లో దాక్కున్న అక్షరాలు. నోటిఫికేషన్‌ని స్కాన్ చేసి పెడతారు. ఉద్యోగ ప్రకటనని రంగురంగుల పోస్టర్‌గా వాట్సాప్‌లో పంపుతారు. చూపున్నవాళ్లకి అది వార్త. లేనివాళ్లకి? ‘ఇమేజ్’ అన్న ఒక్క మాట! పోస్టర్‌తో పాటు అదే విషయాన్ని టైపు చేసి పెడితే రెండు నిమిషాల పని.

మూడోది చాలామందికి తెలియదు. పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో చెప్పాలి. చెప్పకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగుని చదవబోయి తడబడొచ్చు, కొన్నిసార్లు మొత్తానికే వదిలేయొచ్చు. ఇక నాలుగోది మన ఒత్తులు. ఇంగ్లిష్ కోసం కొలిచి చేసిన బటన్లో ‘స్త్రీ’ అని రాయండి. కింది ఒత్తులు బటన్ అంచుకి తగిలి తెగిపోతాయి. గుడి, కొమ్ము, ఒత్తు అన్నిటికీ చోటిచ్చేలా లైన్ల మధ్య ఖాళీ పెంచాలి. ఇవన్నీ విదేశీ పుస్తకాల్లో దొరకవు. ఇంట్లో బామ్మ ఫోన్లో దొరుకుతాయి!

రెప్పవేస్తేనే ఖాతా!

‘దివ్యాంగులకు సాయం చేద్దాం’ అనుకుంటూ పోటీకి వెళ్లేవాళ్లు ఓసారి ఆగి ఆలోచించాలి. ఇది సాయం కాదు, హక్కు.

బ్యాంకు ఖాతాకో సిమ్ కార్డుకో ఆన్‌లైన్లో వివరాలిచ్చేటప్పుడు ఎదుట ఉన్నది నిజమైన మనిషేనని నిరూపించడానికి కెమెరా ముందు రెప్ప వేయమంటారు. చూపున్నవాళ్లకి అది క్షణం పని. మరి యాసిడ్ దాడిలో కళ్లు పోగొట్టుకున్నవాళ్లు? తెర మీద గుండ్రటి గీత ఎక్కడుందో కనిపించనివాళ్లు? వాళ్లు బతికే ఉన్నా, యంత్రం దృష్టిలో లేనట్టే. ఈ బాధ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్ 30న జస్టిస్ జె.బి.పార్దీవాలా, జస్టిస్ ఆర్.మహదేవన్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. రెప్ప వేయడానికి బదులు వేరే దారులు చూపడంతో పాటు మొత్తం 20 ఆదేశాలిచ్చింది. అంతకుముందే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని చెప్పింది.

ఆ రెప్ప పరీక్షని కనిపెట్టిన ఇంజినీర్లు చెడ్డవాళ్లేమీ కాదు. మోసాల్ని ఆపాలనుకున్నారు. కానీ వాళ్ల బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో రెప్ప వేయలేని మనిషి ఒక్కరున్నా ఆ ప్రశ్న మొదటి రోజే వచ్చేది.

జట్టులో ఆ కుర్చీ ఎవరిది?

అందుకే యాక్సెసిబిలిటీ హ్యాకథాన్‌కి జట్టు కట్టేటప్పుడు ఒక కోడర్, ఒక డిజైనర్, ఒక మాటకారి అంటూ లెక్కేసుకుంటే సరిపోదు. ఆ సమస్యను రోజూ ఎదుర్కొనే మనిషి మొదటి రోజు నుంచీ జట్టులో ఉండాలి. చివర్లో పిలిచి ‘ఎలా ఉందన్నా మేం చేసింది?’ అని అడగడం కాదు. ఏం చేయాలో నిర్ణయించేటప్పుడే అడగాలి.

కళ్లకు గంతలు కట్టుకుని పది నిమిషాలు కంప్యూటర్ వాడేసి ‘మాకర్థమైంది’ అనుకోవడమూ పొరపాటే. గంతలు కట్టుకున్నవాళ్లకి తెలిసేది చూపు పోయిన క్షణంలోని కంగారే. ఏళ్ల తరబడి స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల వేగం వేరు. మనకు గలగలమని శబ్దంలా వినిపించేదాన్ని వాళ్లు హాయిగా అర్థం చేసుకుంటారు.

అసలు ఈ రంగంలో గొప్ప పనిముట్లను తయారుచేసింది వాళ్లే. మోటార్‌సైకిల్ రేసర్‌గా పేరు తెచ్చుకున్న అమెరికన్ టెడ్ హెంటర్ 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. ప్రపంచమంతా వాడిన ‘జాస్’ స్క్రీన్ రీడర్ ఆయన చలవే. ఆ తరహా సాఫ్ట్‌వేర్ల ఖరీదు సామాన్యులకు అందదని గ్రహించిన ఆస్ట్రేలియా మిత్రులు మైఖేల్ కర్రన్, జేమ్స్ తే 2006లో ఎన్‌వీడీఏకి శ్రీకారం చుట్టి ఉచితంగా పంచారు. ఇద్దరూ చూపులేనివాళ్లే.

మన దగ్గర బొల్లా శ్రీకాంత్ లేడూ! మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టుకతోనే చూపు లేకుండా పుట్టాడు. పదో తరగతి తర్వాత సైన్స్ చదవడానికి వీల్లేదంటే కోర్టుకెక్కి గెలిచాడు. పాఠాలను ఆడియోగా మార్చుకుని విని 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. అమెరికాలోని ఎంఐటీలో చదివొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, దివ్యాంగులకు ఉపాధి చూపించాడు. అక్షరం కంటికి అందకపోతే చెవికి అందింది. అంతే తేడా!

ఆ 24 గంటలూ...

పోటీ రోజున కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు, ప్రపంచాన్ని మార్చేసే యాప్ చేద్దామనుకోవడం. సగంలో ఆగిపోయిన పెద్ద యాప్ కంటే, పూర్తిగా పనిచేసే చిన్న ఫారం గొప్పది. హాల్‌టికెట్ దించుకోవడం, ఆసుపత్రిలో ఓపీ నమోదు, బస్సు వేళలు చూసుకోవడం... ఇలా ఒక్క పనిని ఎంచుకోండి.

రెండో తప్పు, యాక్సెసిబిలిటీని ఆఖరి గంటకి వాయిదా వేయడం. ఇల్లు కట్టేశాక గుమ్మం వెడల్పు చేయాలంటే గోడ పగలగొట్టాలి. మొదటే వెడల్పుగా కడితే రూపాయి కూడా ఎక్కువ కాదు. పేజీ మొదటి లైను రాసినప్పటి నుంచే కీబోర్డుతో నడిపి చూస్తుండాలి.

మూడోది, యంత్రం ఇచ్చిన మార్కుల్ని నమ్మేయడం. వేవ్, యాక్స్, లైట్‌హౌస్ లాంటి ఉచిత పరీక్షా సాధనాలున్నాయి. బొమ్మకి వివరణ ఉందో లేదో అవి చెబుతాయి. ఆ వివరణ సరైనదో కాదో చెప్పలేవు. జొన్న కంకి బొమ్మకి ‘ఇమేజ్ వన్’ అని రాసినా చాలావరకు పాస్ అనేస్తాయి. తప్పు పట్టుకోవాల్సింది మనిషే.

ఇక చివర్లో న్యాయనిర్ణేతల ముందు చూపించేటప్పుడు మీ ప్రాజెక్టుకి అసలైన పరీక్ష ఒకటుంది. తెర ఆపేయండి. స్పీకర్ పెట్టండి. మీ జట్టులోని చూపులేని సభ్యులు కీబోర్డుతో పని పూర్తిచేస్తుంటే అందరూ వింటారు. అంతకు మించిన ప్రెజెంటేషన్ ఉండదు.

బయల్దేరే ముందు

* ల్యాప్‌టాప్, చార్జర్లతో పాటు ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. ఒకే గదిలో పది స్క్రీన్ రీడర్లు ఒకేసారి మాట్లాడితే అంగడి రోజే!
* ఎన్‌వీడీఏ, పరీక్షా సాధనాలు ఇంట్లోనే వేసుకుని రెండు గంటలు సాధన చేయండి.
* వేదికకి ర్యాంపు, లిఫ్టు ఉన్నాయో, సైగల భాష తెలిసినవాళ్లు ఉంటారో నిర్వాహకులను ముందే అడగండి. మీ జట్టులో అవసరం లేకపోయినా అడగండి.
* మీ స్లైడ్లలో అక్షరాలు పెద్దవిగా, రంగులు స్పష్టంగా ఉండాలి. వీడియో ఉంటే కింద మాటలు కూడా రాయాలి. చెప్పేదొకటి, చేసేదొకటి కాకూడదు కదా.
* తప్పుని ఎర్ర రంగుతో మాత్రమే చూపించొద్దు. ‘ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గింది’ అని మాటల్లో చెప్పండి.
* క్యాప్చా పెట్టాలనిపిస్తే వేరే దారి ఉందేమో వెతకండి.
* పోటీ అయిపోయాక కోడ్‌ని మూలన పడేయొద్దు. మీ కాలేజీ వెబ్‌సైట్ ఎలాగూ ఉందిగా, దాంతో మొదలెట్టండి.

బహుమతి వస్తుందా రాదా అన్నది ఆ రోజు అదృష్టం. కానీ మౌస్ పక్కన పెట్టి ఓ వారం గడిపిన కుర్రాడు మళ్లీ ఎప్పుడూ పేరులేని బటన్ పెట్టలేడు. రేపు బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ప్రభుత్వ కార్యాలయంలోనో అతను చేసే ప్రతి పేజీలోనూ ఆ తేడా కనిపిస్తుంది. కనిపించనివాళ్లకి... వినిపిస్తుంది.

జహీరాబాద్ మహిళలు కెమెరాని ఎక్కడ పెట్టాలో ఏనాడో తేల్చేశారు. పైనుంచి కాదు, కిందినుంచీ కాదు. ఎదుటి మనిషి కళ్లకి సమానంగా. వెబ్‌సైట్‌కి కూడా కావాల్సింది ఆ సంఘం షాటే!